ఎక్కి చూడని పడవ

మొన్న మంగళవారం పొద్దున టిఫిన్ డబ్బా సర్దుకుని బడికి బయల్దేరుతుంటే ఫోన్ మోగింది. యాప్రాల్ నుంచి సారు కూతురు. "టీచర్ గారూ, నాన్నగారు తెల్లవారుజామున పోయారండీ. నిద్రలోనే. మీకు తప్పకుండా చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచారు" అంది. ఫోన్ పెట్టేసి, డబ్బాలో అన్నం తీసి గిన్నెలో బోర్లించి, చెప్పులేసుకుని మేడ్చల్ బస్ డిపో వైపు నడిచాను. రెండేళ్లుగా పోవాలనుకుంటూ పోని చోటికి బస్సెక్కడానికి ఆయన పోవాల్సి వచ్చింది.

ఆయన మా మేడ మీది గదిలో ఎనిమిదేళ్లు కిరాయికి ఉన్నారు. కోస్తాలో ఒక రేవులో చేపల పడవలను తనిఖీ చేసి, ఇది సముద్రం మీదికి పోవచ్చని సంతకం పెట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. భార్య అంతకుముందే పోయింది. కూతురు, అల్లుడు యాప్రాల్‌లో ఫ్లాటు కొనుక్కుని రమ్మంటున్నా, ఆయన మేడ్చల్‌లో గది వెతుక్కున్నారు. ఇంత దూరం ఎందుకు సారూ అంటే, "సముద్రం వాసన రాని చోటు కావాలమ్మా" అన్నారు. మా అత్తమ్మ ఆ మాటకు చాన్నాళ్లు నవ్వింది. "మా తాన పేడ వాసన తప్ప ఏమొస్తది సారూ, నిమ్మలంగ ఉండు" అంది.

నేను షామీర్‌పేటలో సర్కారు బడి టీచర్‌ను. మా ఆయన ప్లాట్లు అమ్మిపెట్టే దందాలో పొద్దస్తమానం బయటే. సముద్రం నేను ఈనాటికీ చూడలేదు. నాకు తెలిసిన సముద్రమంతా ఆ మేడ మీది గదిలో, బల్ల మీద, మూడడుగుల చెక్క పడవలో ఉండేది.

ఆ పడవ ఒక అట్టపెట్టెలో వచ్చింది. ఓడల్లో పనిచేసే పాత స్నేహితుడొకాయన ఏదో దేశంలో కొని తెచ్చిచ్చాడట. మూత మీద ఎర్ర పడవ బొమ్మ ఉంది, లోపల మాత్రం అన్నీ ముక్కలే. అగ్గిపుల్ల కంటే కాస్త వెడల్పున్న చెక్క బద్దలు, ఇత్తడి మేకులు, బఠాణీ గింజంత కప్పీలు, దారపు ఉండలు, దుప్పటంత కాగితం మీద గీతలు. వల లాగే పెద్ద చేపల పడవ, ట్రాలర్ అంటారని చెప్పారు. అత్తమ్మ ఆ ముక్కలను వంగి చూసి, "గీ పుల్లలన్ని అతికిచ్చేదాంక నువ్వుంటవా సారూ?" అని అడిగేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆయన మాత్రం, "ఉండకపోతే పొయ్యిలో పెట్టుకోండమ్మా, ఎండిన కలప" అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆదివారాలు ఇడ్లీలు బంద్. ఇడ్లీ పాత్ర మేడ మీదికి పోయేది. బద్దలను ఆవిరిలో మెత్తబరిచి, పడవ పక్కటెముకల మీద వంచి అతికించేవారు. నా బట్టల క్లిప్పులు ఒక్కొక్కటే మాయమై ఆ పక్కటెముకలను కరుచుకుని కనిపించేవి. దండెం మీంచి చీర ఎగిరి పక్కింట్లో పడ్డప్పుడల్లా మేడ మీదికి చూసి కసురుకునేదాన్ని. మర్నాడు పొద్దున గడప మీద క్లిప్పులు, జిగురు మరకలతో, వరసగా పేర్చి ఉండేవి.

ఆయన దగ్గర ఒక నోటుబుక్కు ఉండేది. ప్రతి ముక్కకూ అందులో ఒక వరస. ముక్క పేరు, ఏం చూడాలి, ఎవరు చూశారు. రెండు సంతకాలు పడితే గాని జిగురు ముట్టేవారు కాదు. మొదటిది ఆయనది, రెండోది నాది. "ఒక్కరు చూస్తే నమ్మకం, ఇద్దరు చూస్తే తనిఖీ" అనేవారు. నిజానికి ఆయన ఎడమ కంట్లో పొర, కుడి కంటికి చేసిన ఆపరేషన్ సరిగా కుదరలేదు. సన్న పగుళ్లు ఆయనకు ఆనేవి కావు. "మీవి పేపర్లు దిద్దే కళ్లు టీచరమ్మా, తప్పు దొరక్కపోతే వాటికి నిద్ర పట్టదు" అని నన్ను ఉబ్బించేవారు. నేను ఉబ్బేదాన్ని కూడా.

అసలు సంగతి ఒక ఆదివారం చెప్పారు. బద్ద మెత్తబడేదాకా ఊరికే కూర్చోవాలి కదా, "గింత చిన్న ముక్కకు గింత పరేషాన్ ఎందుకు సారూ?" అని అడిగాను. ఆయన పాత్ర మూత వైపే చూస్తూ చెప్పారు.

"ఒక ట్రాలర్‌ని తనిఖీ చెయ్యాల్సి వచ్చిందమ్మా. ఏప్రిల్ నెల. ఒడ్డు నుంచి పడవ మీదికి పలక వేసి ఉంది. ఎక్కి, ఇంజను గదిలోకి దిగి చూస్తే పావుగంట పని. ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది. ఒడ్డు మీద గొడుగు కింద నిలబడే సంతకం పెట్టేశాను."

"ఏమైంది సారూ?"

"ఐదుగురు పోయారు. వంటమనిషి ఒక్కడే చెక్క పట్టుకుని బతికొచ్చాడు. వెనక పడవను తోసే పంకా ఇరుసు పక్కనుంచి నీళ్లొచ్చాయని చెప్పాడు. విచారణలో గాలివాన అని రాసుకున్నారు. ఎక్కి చూశావా అని నన్నూ అడిగారు. చూశానన్నాను."

ఆయన బద్దను తీసి వేళ్ల మధ్య మెల్లగా వంచారు. "ఒడ్డు మీంచి చూస్తే అన్ని పడవలూ మంచివేనమ్మా. నీళ్లకు మాత్రం మొహమాటం ఉండదు" అన్నారు.

పెట్టె మీది బొమ్మను పక్కనబెట్టి, పడవకు నీలం రంగు, పడవ మీది గదికి తెల్ల పట్టీ ఎందుకు వేస్తానంటున్నారో అప్పుడు తెలిసింది. అది ఆ మునిగిన పడవ. ఎప్పుడో ఎక్కాల్సిన పడవను ఆయన ముక్కముక్కగా ఎక్కుతున్నారు. ఇది తేలినంత మాత్రాన ఆ ఐదుగురు తిరిగి రారని ఆయనకు తెలియక కాదు. నిజంగా చూసి సంతకం పెట్టిన పడవ ఒక్కటి, చుక్క నీరు పట్టకుండా తేలుతుంటే చూసి పోవాలని ఆయన కోరిక. "ఒక్కటి చాలమ్మా" అనేవారు. ఒక మనిషి ముసలితనమంతా పెట్టి అడిగింది అంతే.

పడవ పొట్ట పూర్తి కావడానికే ఐదేళ్లు దాటింది. అడుగున సీసం ముక్కలు పేర్చారు, నీళ్లలో నిలబడి ఉండటానికి. వెనక పంకా ఇరుసు బయటికొచ్చే చోట జిగురు పోశారు. ఇక పై పలకలు మూసెయ్యడమే మిగిలింది. మూస్తే మళ్లీ లోపలికి చూపు పోదు. అందుకని దానికొక పరీక్ష పెట్టారు. పడవ లోపల టార్చి వెలిగించి, పైన అట్ట మూసి దుప్పటి కప్పి, బయటి మనిషి దుప్పటిలో తల దూర్చి ఇరుసు చుట్టూ చూడాలి. వెలుగు చుక్క ఎక్కడన్నా కనిపిస్తే నీళ్లకు దారి ఉన్నట్టే.

అవి ఒంటిపూట బడుల రోజులు. మధ్యాహ్నం షామీర్‌పేట నుంచి బస్సులో నిలబడి వచ్చి, కాళ్లు కడుక్కుని అన్నం ముందు కూర్చున్నాను. ఆయన మెట్ల మీంచి పిలిచారు. "టీచరమ్మా, కంటి డాక్టరు దగ్గరికి పోవాలి, అమ్మాయి యాప్రాల్‌లో కాచుకుని ఉంటుంది. టార్చి వెలిగించి పెట్టాను. కాస్త పైకెళ్లి చూస్తారా?"

"మీరు పొయ్యిరాండ్రి సారూ, తిని చూస్త" అన్నాను.

తిన్నాను. మా మెట్లు బయటివైపు, పైన కప్పు లేదు. ఆ వేళకు కాలు పెడితే బొబ్బలెక్కుతాయి. కాస్త చల్లబడ్డాక పోదామని నడుం వాల్చాను. లేచేసరికి పాలవాడు వచ్చాడు, నీళ్లొచ్చాయి, అత్తమ్మ చాయ్ అంది. సాయంత్రం చింతపండు పిసుకుతుంటే సారు నోటుబుక్కు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. కళ్లలో మందు వేశారేమో, నీళ్లు కారుతున్నాయి.

"చూశారా అమ్మా?"

"చూసిన సారూ. ఏం కనబడలే."

అంత సుఖంగా వచ్చింది ఆ అబద్ధం. రేపు చూస్త సారూ అంటే ఏం పోయేది? ఒక్క రోజు ఆగేవారు. కుడిచెయ్యి నిండా చింతపండు గుజ్జు ఉందని, ఎడమచేత్తో సంతకం పెట్టాను. ఒక బొట్టు కాగితం మీద పడింది. ఆయన దాన్ని తన ఉత్తరీయంతో అద్ది, "చల్లగా ఉండండమ్మా" అని మెట్లెక్కిపోయారు. మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి పలకలు మూసేశారు.

ఇంకో రెండేళ్లు పట్టింది పైపని. దోమతెర దారాలు విప్పి వల అల్లారు. గోరంత చేపల పెట్టెలు చేశారు. నీలం రంగు, తెల్ల పట్టీ వేశారు. నేను ప్రతి ముక్కా చూసి సంతకం పెట్టాను, నిజంగానే చూసి. ఆ ఒక్క వరస మాత్రం గొంతులో చేప ముల్లులా ఉండేది. ఏం కాదులే, ఆయన పని గట్టిది అని సర్దిచెప్పుకున్నాను. మనకు మనం చెప్పుకునే సర్దుబాట్లకు సాక్షి అక్కర్లేదు కదా.

పడవను నీళ్లలో దించేనాడు ఇంటిల్లిపాదీ మేడెక్కాం. బట్టలు ఉతికే సిమెంటు తొట్టిని రుద్ది కడిగి నింపాను. రేవులో చేసినట్టే పడవ ముక్కుకు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అత్తమ్మ, "షామీర్‌పేట చెర్వుల ఇడువరాదా సారూ, మస్తు నీళ్లున్నయి" అంది. "ముందు మీ తొట్టి గెలవనివ్వండమ్మా" అని నవ్వారు. ఆయన అలా పళ్లు కనబడేలా నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

పడవ తేలింది. నిటారుగా, ముచ్చటగా తేలింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు. సారు తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డారు. పావుగంట గడిచిందేమో, పడవ వెనకభాగం రవ్వంత కుంగింది. ఆయన కళ్లకు అది ఆనలేదు. నాకు ఆనింది. నేను నోరు విప్పలేదు. ఇంకాసేపటికి తెల్ల పట్టీ ఒకవైపు పైకి లేచింది. అప్పుడాయన చెయ్యి పెట్టి పడవను ఎత్తారు. ఇరుసు పక్కనుంచి సన్నగా నీళ్లు కారాయి.

"గంతే కద సారూ, జిగురు కొడితే జల్దీ ఆరిపోతది" అన్నాడు మా ఆయన.

"మూసినదాన్ని తెరిస్తే అది తనిఖీ కాదు నాయనా, పోస్టుమార్టం" అన్నారు సారు. తర్వాత నా వైపు తిరిగారు. కోపం లేదు ఆ ముఖంలో. "ఆ రోజు ఎండ ఎక్కువగా ఉంది కదమ్మా" అన్నారు.

అక్కడున్న వాళ్లెవరికీ ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆయన నాకు దారి ఇచ్చారు. ఔను సారూ, ఎక్కలేదు అంటే సరిపోయేది. నేనేమన్నానో చెప్పనా? "నేను చూసిన సారూ. అప్పుడైతే ఏం లేకుండె" అన్నాను.

"అవునమ్మా" అన్నారు.

మళ్లీ ఆ పడవను ముట్టుకోలేదు. ఇంకోటి మొదలుపెట్టడానికి ఆ కళ్లలో చూపు మిగల్లేదు. దసరాకు కూతురు వచ్చి యాప్రాల్ తీసుకుపోయింది. "ఇది మీ దగ్గర ఉండనివ్వండి" అని పడవను నాకే వదిలిపోయారు. బీరువా మీద పెట్టి పాత చీర కప్పాను. అటు తలెత్తి చూడకుండా బీరువా తెరవడం నేర్చుకున్నాను.

వెళ్లి నిజం చెప్పాలని ఎన్ని ఆదివారాలు అనుకున్నానో. ఎలక్షన్ డ్యూటీ అన్నాను, అత్తమ్మకు మోకాళ్లన్నాను, వానన్నాను. ఒకసారి ఫోన్ చేస్తే, "పడవ ఎలా ఉందమ్మా?" అని అడిగారు. "మంచిగుంది సారూ" అన్నాను. అది మూడో అబద్ధం. ఈ రెండేళ్లలో ఆయన రెండు కళ్ల చూపూ పూర్తిగా పోయిందని కూతురు చెప్పేదాకా నాకు తెలియదు.

మంగళవారం ఆ ఫ్లాటుకు మూడంతస్తులు ఎక్కాను. లిఫ్టు పనిచేయడం లేదు. ఆయన్ను హాల్లో పడుకోబెట్టారు. కళ్లు మూసి ఉన్నాయి, ఇక చెప్పడానికేముంది? చెవి దగ్గర వంగి చెబుదామని కూడా అనిపించింది. చుట్టూ జనం ఉన్నారని సిగ్గుపడ్డాను. అప్పుడూ సిగ్గే.

నేను లేస్తుంటే కూతురు నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టింది. "కళ్లు పూర్తిగా పోకముందే మీ కోసం కట్టి పెట్టారండీ" అంది. బస్సులో విప్పాను. వెతకక్కర్లేకుండా చింతపండు మరక దగ్గరే తెరుచుకుంది. ఎడమచేత్తో పెట్టిన నా వంకర సంతకాన్ని ఒక గీతతో కొట్టేశారు. దాని కింద, గుడ్డి చేతిరాతలో, అక్షరం మీద అక్షరం ఎక్కుతూ, "నేనే చూడాల్సింది. చూడలేదు" అని రాసి తన సంతకం పెట్టుకున్నారు.

ఐదుగురి బరువు చాలదన్నట్టు నాది కూడా నెత్తిన పెట్టుకుని పోయారు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒక్కసారి తిట్టి ఉంటే నేను బతికేదాన్ని సారూ. ఇప్పుడు ఇది చదివేవాళ్లందరికీ చెబుతున్నాను, నేను ఎక్కలేదు. చెప్పాల్సిన మనిషికి తప్ప ఊరందరికీ చెప్పడం సులువే.

నిన్న మధ్యాహ్నం మేడెక్కి తొట్టి నింపాను. చీర తీసి, ధూళి తుడిచి, పడవను నీళ్ల మీద పెట్టాను. మెట్లు కాలుతున్నాయి, గచ్చు కాలుతోంది. పడవ ముందు నిటారుగా తేలింది. తర్వాత వెనక్కి కుంగింది. గోరంత చేపల పెట్టెలు ఒక్కొక్కటే తడిశాయి, వల నీళ్లలో విచ్చుకుంది, నీలం రంగు కిందికి పోయింది. నేను ఎండలోనే నిలబడి చివరిదాకా చూశాను. తొట్టి నీళ్ల మీద పడవ మధ్య నిలిపిన తెడ్డుగరిటె కాడంత స్తంభం కొస ఒక్కటే మిగిలింది.