స్కూటరుకు గీతల జాకెట్

మొన్న గజ్వేల్‌లో బంధువుల ఇంట్లో పూలుపండ్ల ఫంక్షన్‌కు వెళ్ళాం. వాకిట్లో గీతల షామియానా, దాని పక్కన ఎవరిదో కొత్త స్కూటరు. అందరూ బంతి భోజనాల వైపు నడుస్తుంటే నేను మాత్రం ఆ స్కూటరు ముందు ఒంగి నిలబడిపోయాను. "బండి కొంటవా ఏంది, పా," అన్నాడు మా ఆయన. షామియానా గీతలు స్కూటరు మూతి మీద మెరుస్తూ, ఎక్కడా తెగకుండా, ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు జారిపోతున్నాయి. ఆ మూతి వంపును కంప్యూటరులో తీర్చింది నేనే. నిజం చెప్పాలంటే సగమే నేను. మిగతా సగం, జన్మలో కంప్యూటరు ముట్టని మా మేనత్తది.

పదేళ్ళ కిందటి మాట. పిల్లల కోసం ఆరేళ్ళు ఉద్యోగం మానేసి, మళ్ళీ వెతుక్కుంటున్న రోజులవి. బండ్ల నమూనాలు గీసే హైదరాబాదు కంపెనీ ఒకటి మూడు నెలలు ఇంటి నుంచి చేసి చూపించమన్నది, నచ్చితేనే ఉద్యోగం. సిద్దిపేటలో మా ఇంట్లో నెట్టు వస్తే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే పిల్లలు ఉండనివ్వరు. మేనత్త కుట్టు దుకాణంలో రెండూ సక్రమంగా ఉండేవి. కత్తిరించే బల్లకు ఒక చివర ఆమె బట్టలు, మరో చివర నా ల్యాప్‌టాప్. చూడకుండానే సూదికి ఒక్క విసురులో దారం ఎక్కించేది మా అత్త. నోరు కూడా అంతే సూటి. కొలతకు వచ్చిన వాళ్ళు పొట్ట లోపలికి పీలిస్తే, "ఊపిరి ఇడువమ్మా, లేకుంటే రేపు జాకెట్టే ఇడిపిస్తది," అనేది. ఆమె మాటకు నొచ్చుకున్న వాళ్ళు కూడా పండక్కి మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవారు.

నా పని స్కూటరు మూతి. అంత పెద్ద వంపును ఒకే ముక్కగా గీయలేం. చిన్న చిన్న ముక్కలుగా చేసి, అతుకు తెలియకుండా కలపాలి. ఒక్కో ముక్కను కొన్ని చుక్కలు పట్టి ఉంచుతాయి. చుక్కను లాగితే వంపు దాని వెంట వస్తుంది. నేను గీసింది రెండుసార్లు తిరిగొచ్చింది, ముక్కు పక్కన బొడిపె ఉందని. మూడోసారి కూడా తిరిగొస్తే నాకు సెలవు. బొడిపె కనిపించిన చోటల్లా ఒక కొత్త చుక్క పెట్టి అణిచేదాన్ని. అది ఇక్కడ అణిగి పక్కన లేచేది. అలా వారం తిరిగేసరికి చుక్కలు మా ఇంటి బియ్యంలో రాళ్ళకన్నా ఎక్కువయ్యాయి. ఆరేళ్ళలో నా చేతికి పని మరుపొచ్చిందని, ఇక ఇంట్లో కూర్చోవడమే మేలని లోలోపల ఏడ్చాను కూడా.

మా సాఫ్ట్‌వేర్‌లో ఒక పరీక్ష ఉంది. నొక్కగానే వంపు మీద నల్లవీ తెల్లవీ చారలు పరుచుకుంటాయి. అతుకు బాగుంటే చార ఆగకుండా సాగుతుంది, లేకపోతే అక్కడ విరుగుతుంది. తయారైన బండి మీద వెలుగు కూడా సరిగ్గా అక్కడే విరుగుతుంది. ఆ రోజు చారలు పెట్టి చూస్తుంటే, మిరుదొడ్డి నుంచి జాకెట్ల కోసం వచ్చిన ఒకావిడ తొంగిచూసి, "గీ బట్ట మంచిగున్నది, మీటరెంత?" అని అడిగింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అత్త మాత్రం నవ్వలేదు. కళ్ళద్దాలు పైకి తోసి తెర దగ్గరికి వచ్చింది.

"గీతలు గీడ ఇరిగినయి. నువ్వు జూసుకోలేదా బిడ్డా?"

"అదే కుదరట్లేదత్తా," అని చుక్కలన్నీ చూపించాను.

"గివన్ని ఏంది, గుండుసూదులా? గన్ని గుచ్చితే బట్ట ఎట్ల సాపుగుంటది? కొసలు వట్టు, నడుమ ఒకటో రెండో వెట్టు. మిగిలింది దాన్నే వంగనియ్యి."

గీతల బట్టతో జాకెట్ కుట్టేటప్పుడు ఇటు గీత అటు గీతతో కలవకపోతే ఆమె రాత్రి అన్నం తినేది కాదు. ఆ మనిషి చెబుతుంటే కాదనే ధైర్యం నాకు లేదు. వారం కష్టమంతా తుడిచేశాను. ఒక్కో ముక్కకు అడ్డం నాలుగు, నిలువు నాలుగు చుక్కలు, అంతే. మళ్ళీ చారలు పెట్టాను. అవి అతుకు దాటి, అక్కడ అతుకే లేనట్టు సాగిపోయాయి. నేను అత్తను గట్టిగా వాటేసుకున్నాను. "సూదులున్నయి మీద, కుచ్చుకుంటయి," అని తోసేసింది. ఆ వారమే ఉద్యోగం ఖాయమైంది. ఆ ఉద్యోగంలో మొదటి జీతంతో ఆమెకు గీతల చీరే కొన్నాను.

గజ్వేల్‌లో నన్ను వెతుక్కుంటూ అత్త కూడా స్కూటరు దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆమె కళ్ళకు గీతలు ఆనవు. చెయ్యి పట్టుకుని ఆ మూతి మీద పెట్టాను. వేళ్ళతో అటూ ఇటూ రెండుసార్లు నిమిరింది.

"అతుకేది బిడ్డా?"

"నీ చేతి కిందనే ఉందత్తా."

మళ్ళీ వెతికి, దొరకక, పళ్ళు లేని నోటితో నిండుగా నవ్వింది. ఇంటికి వచ్చాక ఎప్పటిలాగే ఆమె సూదికి నేను దారం ఎక్కించి ఇచ్చాను. ఆ పని ఆమె చేతిలోంచి నా చేతిలోకి ఏ రోజున మారిందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. కాలం వేసిన అతుకు నాకూ దొరకలేదు.