రెండో సగం అడిగిన టీచరమ్మ

ఆర్మూరులో మా ఎదురింటి టీచరమ్మ ఈ మాఘమాసంలో పోయారు. పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే పాలు పోసే ఆమె పరుగున వచ్చి, "అక్కా, టీచరమ్మ లేస్తలేదు, జర వచ్చి చూడు" అంది. వెళ్ళేసరికి ఆమె ఒక పక్కకు ఒత్తిగిలి పడుకుని ఉన్నారు. కళ్ళజోడు మడిచి దిండు పక్కన పెట్టి ఉంది. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. కాసేపటికి ట్యూషన్ పిల్లలు ఒక్కొక్కరే గేటు దగ్గర చేరారు. వాళ్ళను బడికి పొమ్మని ఎవరూ అనలేదు.

ఆమె సర్కారు బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. పిల్లలు లేరు. భర్త ఏనాడో పోయారు. సాయంత్రమైతే వీధి పిల్లలను వాకిట్లో కూర్చోబెట్టుకునేవారు. నేను మా అరుగు మీద చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంటే ఆ పాఠాలన్నీ నా చెవిన పడేవి. ఏ పనైనా వరసగా సాగాలి నాకు, వంటింట్లో డబ్బాలు కూడా ఎత్తు ప్రకారమే ఉండాలి. అందుకేనేమో ఆమె చెప్పే తీరు నాకు నచ్చింది.

ఇట్లయితే అట్లవుతుంది అనే ఇంగ్లీషు వాక్యాలు పిల్లలకు ఎంతకూ పట్టుబడేవి కావు. పుస్తకంలో మంచు కురవడం, పిక్నిక్ ఆగిపోవడం ఉండేవి. టీచరమ్మ పుస్తకం మూసి పక్కనున్న ఖాళీ జాగా చూపించేవారు. అక్కడ వేల్పూరు రైతు ఒకాయన ఉడికించిన పసుపు ఆరబోసి ఉండేవాడు.

"మబ్బు పట్టిందనుకో, ఏం జేస్తరు?"

"పట్ట కప్పుతం!" అని అందరూ ఒకేసారి అరిచేవారు.

"గదే ఇంగ్లీషుల చెప్పుండ్రి." ఒక వరస పిల్లలు "ఇఫ్ ఇట్ రెయిన్స్" అంటే, రెండో వరస "వి విల్ కవర్ ద టర్మరిక్" అని అందుకునేది. ఒకసారి నిజంగానే చినుకులు పడ్డాయి. పాఠం మధ్యలో ఆపి, అందరినీ తోలుకుపోయి పసుపు మీద టార్పాలిన్ పట్ట కప్పించి వచ్చారు. "చెప్పినం, చేసినం" అని మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే, వాక్యం నిజం కావాలి. "ఇఫ్ ఐ కమ్ లేట్, టీచర్ విల్ బ్రేక్ మై లెగ్స్" అన్నాడు ఓ రోజు కమ్మర్‌పల్లి నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటున్న గడుగ్గాయి.

"నేనెన్నడన్న ఇరగ్గొట్టిన్నా?"

"లేదు టీచర్."

"మరి ఆ వాక్యం కొట్టెయ్యి. నోటికొచ్చింది కాదు, అయ్యేది చెప్పు."

వాక్యం ఎంత బాగున్నా ఆమె నోట "నడుస్తది" అనే మాటే వచ్చేది. పిల్లలు దానికోసమే ఎదురుచూసేవారు.

మా అమ్మాయి మానస నిరుడు ఊరి తెలుగు బడి మాని ఇక్కడ ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతిలో చేరింది. చేరిన నాటి నుంచి క్లాసులో నోరు విప్పలేదు. అర్ధ సంవత్సర పరీక్షల్లో ఇంగ్లీషు తప్పింది. వాళ్ళ నాన్న పసుపు దుకాణంలో గుమాస్తా. ఒకసారి మాట అంటే వెనక్కి తీసుకోని మనిషి. "పెద్ద పరీక్షల తప్పితే వేల్పూరుకు తోలుత, నాయనమ్మ తాన ఉంటది" అన్నాడు. పిల్ల ఆ పూట అన్నం సరిగా తినలేదు.

మరునాడు ట్యూషన్‌లో టీచరమ్మ ఇంటి సంగతి మీద ఒక వాక్యం చెప్పమంటే మానస లేచి, తల ఎత్తకుండా, "ఇఫ్ ఐ ఫెయిల్, మై ఫాదర్ విల్ సెండ్ మి టు వేల్పూర్" అంది. పిల్లలెవరూ నవ్వలేదు. టీచరమ్మ దాని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటి మా ఇంటికి వచ్చారు. మా ఆయన చాయ తాగుతున్నాడు.

"తమ్మీ, నీ బిడ్డ ఒక వాక్యం చెప్పింది. గిది నిజమా, ఊకెనే అన్నవా?"

"నిజమే టీచరమ్మా. ఈడ చదువు దీనికి అందుతలేదు. ఊర్ల ఉంటే మా అవ్వకు తోడైనా ఐతది."

ఆమె వాదించలేదు. "నిజమైతె ఉండనియ్యి. మరి పాసయితే?"

"పాసయితే ఏముంది?"

"గదే అడుగుతున్న. తప్పితే ఏమైతదో పిల్లకు ఎరుకనే. పాసయితే ఏమైతదో చెప్పినవా?"

ఆయన నా వైపు చూశాడు. ఆ రెండో సగం మా ఇంట్లో ఎవరికీ తట్టనే లేదు.

"పాసయితే... ఈడనే ఉంటది."

"ఎన్నొద్దులు?"

"అది చదివినన్నొద్దులు."

"నాకు కాదు, బిడ్డకు చెప్పు. ఇంగ్లీషుల చెప్పు."

"నాకేడ ఇంగ్లీషు టీచరమ్మా! గుడ్ మార్నింగ్ అంటేనే నాలుక మడత పడుతది."

"పడనియ్యి, నేను పట్టుకుంట."

మానస నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆయన "ఇఫ్ షి పాస్, షి స్టే" అని ఆగి, రెండు చేతులతో నేల చూపించి, "హియర్" అన్నాడు. అక్షరం తప్పితే ఊరుకోని టీచరమ్మ ఆ రోజు ఒక్కటీ దిద్దలేదు. "నడుస్తది" అన్నారు.

ఆ మర్నాటి నుంచి మానస రోజుకొక వాక్యం మనసులో పెట్టుకుని బడికి పోయేది. దాన్ని ఆ రోజు నిజం చేసి రావాలన్నారు టీచరమ్మ. ఒక సాయంత్రం బ్యాగు కూడా దించకుండా ఎదురింటికి ఉరికింది. "సార్ అడిగిండు టీచర్, నేను లేచిన!"

"జవాబు చెప్పినవా?"

"లే... లేచిన, గంతే."

"లేస్త అన్నవు, లేచినవు. రేపు నోరు తెరుస్త అను."

రెండు రోజులకు నోరు కూడా తెరిచింది. తప్పు చెప్పిందట, అయినా చెప్పింది.

పెద్ద పరీక్షలు రాకముందే ఆమె వెళ్ళిపోయారు. ఇందల్వాయి నుంచి ఆమె అక్క కొడుకు వచ్చి కార్యక్రమాలు జరిపించి, ఇంటికి తాళం వేసి వెళ్ళాడు. మానస మా అరుగు మీద ఒక్కతే చదువుకుంది. నాకు ఇంగ్లీషు రాదు. పక్కన కూర్చుని, "గిది అయ్యేదేనా?" అని అడగడం వరకే నాకు చేతనైంది. అది ఆలోచించి, అవునంటే అవునని, కాదంటే కాదని చెప్పేది.

పాసైంది. ఇంగ్లీషులో అంచున నిలబడింది గానీ పాసైంది. ఆ సాయంత్రమే వేల్పూరు నుంచి మా అత్త ఫోను చేసింది. గొంతు పెద్దది, పక్కనున్న నాకు కూడా వినిపించింది.

"పాసైతేంది కొడుకా, పిల్లను తోలు. నా మోకాళ్ళు లేస్తలేవు."

"మాటిచ్చిన అవ్వా."

"ఎవలకు?"

"టీచరమ్మకు."

"ఆమె పోయె కదరా."

ఈయన మెల్లగా, "మాటిచ్చిన నేనున్న గదనే" అన్నాడు. "అయితె నన్నే తీస్కపో మరి, గా ఇంగ్లీషేందో నేను గూడ వింట" అంది మా అత్త. వానలు కుదురుకున్నాక తీసుకొస్తానన్నాడు.

బడి తెరిచిన రోజు తొలకరి పడి వీధంతా తడిగా ఉంది. ఏడో తరగతి పుస్తకాల బ్యాగు తగిలించుకుని మానస బండి వెనక కూర్చుంది. ఎదురింటి గేటు రాత్రి గాలికి తెరుచుకుని, రోడ్డు మీదికి వచ్చి ఊగుతోంది. ఈయన బండి ఆపి దిగాడు. గేటు రెండు రెక్కలూ దగ్గరికి లాగి, గొళ్ళెం వేసి, పడిందో లేదో ఒకసారి ఊపి చూశాడు. మానస బండి దిగకుండా ఆ వాకిలి వైపే చూస్తూ కూర్చుంది. అక్కడ పిల్లలు కూర్చునే చోటంతా వాన నీళ్ళు నిలిచి, వాటిలో ఆకాశం కనబడుతోంది.