పొడుగు విజిల్

ఆ పొద్దున ప్రసన్నకుమారికి కాఫీ గొంతు దిగలేదు. భయంతో కాదు, సంబరంతో. ముమ్మిడివరం నుంచి ఫోనొచ్చింది, అదీ ఆమె పేరు అడిగి మరీ వచ్చింది. "చెట్ల ప్రసన్నకుమారి గారేనాండి?" అన్నారు అవతలావిడ. ఏసుదాసు కోడలేనా అనలేదు, ప్రవీణ్ పెళ్ళామేనా అనలేదు. పదకొండేళ్ళ కాపురంలో తన పేరు ముందు చెట్లు వచ్చి చేరడం ఇదే మొదలు. ఆ సంగతి వంటింట్లో నిలబడి మొగుడికి మూడుసార్లు చెప్పింది. మూడోసారికి ప్రవీణ్ కుమార్ దణ్ణం పెట్టి, ట్రాలీ ఆటో తీయడానికి వెళ్ళిపోయాడు.

ఈవిడ గురించి కాస్త చెప్పాలి. పుట్టింది జొన్నాడ, హైవే పక్కన. ఇంటరు అయ్యాక అమలాపురం బట్టల షాపులో చీరలు మడతపెడుతుండగా సంబంధం వచ్చింది. కుర్రాడు కొబ్బరి దింపుకి వెళ్తాడన్నారు, అంటే చెట్టెక్కి కాయలు కోసి దింపడం. మావగారు ఏసుదాసుదీ అదే పని. రాజోలు చుట్టుపక్కల ఆయన ఎక్కని తోట లేదు. బందం అని ఒక తాడుంటుంది, పాదాలు రెండూ జారకుండా పట్టి ఉంచుతుంది. అది కాళ్ళకి తగిలించుకున్నాడంటే కళ్ళు మూసి తెరిచేలోపు చెట్టు తల మీద ఉండేవాడు. నడుముకి బెల్టు కట్టుకుని ఎక్కేవాళ్ళని చూస్తే ఆయనకి నవ్వు ఆగేది కాదు.

రెండేళ్ళ కిందట ఆ నవ్వు పోయింది. ఎవరి ఇంటి మీదికో వాలిన చెట్టుని ప్రవీణ్ పైనుంచి ముక్కలు ముక్కలుగా కోస్తున్నాడు. కింద నలుగురు నిలబడి నాలుగు రకాలుగా అరిచారు. ఒకడు ఆగమంటాడు, ఒకడు కానిమ్మంటాడు. ఎవరి మాట వినాలా అని తల తిప్పేలోపు కోసిన దుంగ తిరిగొచ్చి తగిలింది. పడ్డాడు. తుంటి విరిగి ఏడు నెలలు మంచం దిగలేదు. ఇప్పుడు ఆటో తోలతాడు, రంపాలకి పదును పెడతాడు. చెట్టు మాత్రం ఎక్కలేడు.

ఆ ఏడు నెలల్లో ఇంట్లో రెండు మార్పులు జరిగాయి. ప్రసన్నకుమారి షాపు మానేసి, పెడళ్ళు తొక్కుతూ చెట్టెక్కే మిషను మీద శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్టు తెచ్చి గోడకి తగిలించింది. ఇళ్ళ మీదికి వాలిన చెట్లు జాగ్రత్తగా తీసిపెట్టే పని సొంతంగా మొదలుపెడదాం అన్నదీ ఆమే. ఏసుదాసు ఆ పనికి ఒక రూలు పెట్టాడు. కింద ఒక్కళ్ళే మాట్లాడాలి, అదీ విజిల్‌తో. పొట్టి విజిల్ అంటే కానివ్వు. పొడుగు విజిల్ అంటే ఉన్నదున్నట్టు ఆపి, విజిల్ మనిషి చెప్పింది చెయ్యాలి. "పైన పాస్టరుగారున్నా సరే, పొడుగు విజిల్‌కి ఎదురుమాట లేదు" అని చెప్పి, ఆ విజిల్ తీసుకెళ్ళి కోడలి మెళ్ళో వేశాడు.

పిచ్చిది, నాలుగు రోజులు మురిసిపోయింది. తర్వాత వెలిగింది. విజిల్ మెళ్ళో ఉన్న మనిషి కిందే ఉండాలి. ముసలాయన తెలివి చూశారా? "నేనెక్కుతానండి మావయ్యగారూ" అన్నప్పుడల్లా, "కింద నువ్వు, పైన నేను. ఇంట్లో ఒకళ్ళు పడ్డారు, చాలు" అనేవాడు. ఆయనకి అరవై రెండు. చర్చి మెట్లు ఎక్కేటప్పుడే మోకాళ్ళు పట్టేస్తాయి. చెట్టనేసరికి మోకాళ్ళ సంగతి ఆయనకి గుర్తుండదు, గుర్తు చేస్తే కోపం.

ముమ్మిడివరంలో ఫోను చేసినావిడ సీతామహాలక్ష్మి గారు, రిటైరైన లెక్కల టీచరు. చెట్టు చూడగానే ప్రసన్నకుమారికి ఒళ్ళు జలదరించింది. అరవై అడుగుల కొబ్బరి చెట్టు, ఒకపక్క డాబా మీది నీళ్ళ ట్యాంకు వైపు ఒరిగి ఉంది, ఇంకోపక్క కరెంటు తీగలు. ఎర్రముక్కు పురుగు పట్టి, మట్టలు పుట్టే మొవ్వు కుళ్ళిపోయింది. మొదలంటా నరికి పడగొట్టడానికి ఏ పక్కా చోటు లేదు. పైనుంచి ముక్క ముక్క కోసి, తాడుతో దింపాల్సిందే. ఇలాంటి పని కోసమే కదా ఇన్నాళ్ళూ ఎదురుచూసింది.

లైన్‌మన్‌కి చెప్పి కరెంటు తీయించారు. సందుకి అడ్డంగా తాడు కట్టారు. తాళ్ళ పని చూసే గంగబాబు హెల్మెట్ పెట్టుకుని తన చోట నిలబడ్డాడు. మావగారి నడుముకి బెల్టు ప్రసన్నకుమారే స్వయంగా బిగించింది. దాని పట్టా చెట్టు చుట్టూ తిప్పి రెండో కొస కూడా బెల్టు రింగుకి తగిలించింది.

"మిషను మీద వెళ్ళండి మావయ్యగారూ."

"ఆ ఇనుప చెప్పులు నాకొద్దమ్మా. నా బందం చాలు."

"పోనీ ఒకటి వినండి. మొవ్వు కుళ్ళింది. మట్ట పట్టుకోకండి. దాని కిందే ఆగిపోండి."

"ఆయ్, అలాగే" అని, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని ఎక్కేశాడు.

ఎక్కడం చూడాలి మీరు. సీతామహాలక్ష్మి గారు నోరు తెరిచి చూస్తూండిపోయారు. ప్రసన్నకుమారికీ గర్వంగానే ఉంది, కడుపులో కుళ్ళుగానూ ఉంది. ఉన్నమాట చెప్పాలిగా.

వచ్చిన చిక్కల్లా పైకి చేరాకే వచ్చింది. నలభై ఏళ్ళు దింపుకి వెళ్ళిన మనిషి. చెట్టు తల దగ్గరికి చేరగానే బందం తీసి భుజాన వేసుకోవడం, మట్ట మొదలు పట్టుకుని పైకి లేవడం అలవాటు. కోడలు చెప్పింది చెవికి గుర్తుందేమో, చేతులకి గుర్తు లేదు. బెల్టు పట్టాకి ఎండు మట్ట అడ్డమొస్తే ఒక కొస ఊడదీశాడు. బందం భుజాన పడింది. చెయ్యి మట్ట మీదికి వెళ్ళింది. విజిల్ ప్రసన్నకుమారి నోటిదాకా వచ్చేలోపే ఆ మట్ట మొదలంటా ఊడి, బందాన్ని కూడా లాక్కుని కిందికొచ్చేసింది.

ఆమెకి పైప్రాణాలు పైనే పోయాయి. తలెత్తి చూస్తే ఏసుదాసు చెట్టుని రెండు చేతులా కౌగిలించుకుని వేలాడుతున్నాడు. కాళ్ళకి బందం లేదు. పట్టా నడుముకి ఒకపక్కే గాల్లో ఊగుతోంది. అది తగిలించుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి, వదిలితే పడతాడు.

కింద అరుపులు మొదలయ్యాయి. గంగబాబు దిగమంటున్నాడు, సీతామహాలక్ష్మి గారు కదలొద్దంటున్నారు, ప్రవీణ్ "నాన్నా, నాన్నా" అంటున్నాడు. రెండేళ్ళ కిందటి అరుపులే మళ్ళీ.

"ఎవరూ మాట్లాడొద్దు" అంది ప్రసన్నకుమారి. "మిషను ఇలా తగిలించండి. ఆ బందం నా భుజాన వెయ్యండి."

ప్రవీణ్ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. వద్దనలేదు. ఆమె నడుముకి బెల్టు బిగించి, లాగి చూసి, మళ్ళీ లాగి చూశాడు.

ఎడమ కాలు, కుడి కాలు. ఎడమ కాలు, కుడి కాలు. మిషను ఉక్కు తీగలు చెట్టుని కరుచుకుంటున్న చప్పుడు తప్ప ఆమెకి ఇంకేమీ వినపడలేదు. నవ్విపోతారని చెప్పను గానీ, ఆ భయంలోనూ ఒళ్ళంతా ఉత్సాహం పొంగింది. ట్యాంకు దాటింది, తీగలు దాటింది. తలెత్తితే మావగారి పాదాలు కనిపించాయి. పగిలిన మడమలు, గీరుకుపోయిన చర్మం, ఆగని వణుకు.

"నేనండి మావయ్యగారూ. నా భుజాల మీద కాళ్ళు పెట్టండి. కాస్త బరువు నా మీద వేస్తే, పట్టా నేను తగిలించేస్తాను."

"తప్పమ్మా" అన్నాడు ఏసుదాసు పైనుంచి.

"ఏటండి?"

"కోడలి మీద కాలెయ్యడమేటి? తప్పు. నువ్వు జరుగు, నేనే దిగిపోతాను."

ఎక్కడికి జరుగుతుందండీ, చెట్టు మీద? ప్రాణం మీదికొచ్చి వేలాడుతూ మర్యాదలు చూస్తున్నాడు మహానుభావుడు. ప్రసన్నకుమారికి ఏడుపూ కోపమూ కలిసొచ్చాయి. బతిమాలింది, వినలేదు. కసిరింది, వినలేదు. ఇంతలో ఆయన జానెడు కిందికి జారాడు.

అప్పుడు గుర్తొచ్చింది, మెళ్ళో విజిల్ కిందివాళ్ళకి ఇవ్వడం మర్చిపోయిందని. పళ్ళతో అందుకుని ఊదింది. పొడుగ్గా, ఊపిరి ఉన్నంతసేపూ.

ఎదురుమాట లేదు. ఏసుదాసు కుడికాలు మెల్లగా వచ్చి ఆమె భుజం మీద ఆనింది. తర్వాత ఎడమకాలు. బరువు దిగుతుంటే ఎముకలు కలుక్కుమన్నాయి. పళ్ళు బిగపట్టి, ఊగుతున్న పట్టా అందుకుని, చెట్టు చుట్టూ తిప్పి రింగులో వేసింది. టక్‌మంది. బందం తీసి ఆయన పాదాలకి తొడిగింది. తర్వాత ఆమె ఒక అడుగు దిగితే ఆయన ఒక అడుగు, అలా నేల మీదికి చేరారు.

ఏసుదాసు అరుగు మీద కూలబడి చెంబెడు నీళ్ళు తాగాడు. "ఇవాళ్టికి వద్దులెండమ్మా, వేరే ఎవరినైనా చూసుకుంటాను" అన్నారు సీతామహాలక్ష్మి గారు, మెత్తగానే.

ఆ మాటకి ఏసుదాసు లేచాడు. కోడలి దగ్గరికి వచ్చి, తన పాదాల మట్టి అంటిన ఆమె భుజాలు రెండూ వేళ్ళతో తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు.

"అయ్యో, ఏటండి మావయ్యగారూ ఇది."

ఆయన ఆమె మెళ్ళోంచి విజిల్ తీసి తన మెళ్ళో వేసుకున్నాడు. సీతామహాలక్ష్మి గారి వైపు తిరిగి, "వేరే ఎవరో ఎందుకండి. మా ప్రసన్నకుమారి గారు ఎక్కుతారు" అన్నాడు.

గారు అన్నాడు. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ తుడుచుకునే తీరిక ఎక్కడిది, కాళ్ళు అప్పటికే మిషను మీదున్నాయి. రంపం నడుముకి తగిలించుకుని రెండడుగులు ఎక్కిందో లేదో, వెనక నుంచి పొడుగు విజిల్ మోగింది. ఉన్నచోటే ఆగిపోయింది.

"పట్టా ఇంకోసారి లాగి చూసుకోమ్మా" అన్నాడు ఏసుదాసు.

చూసుకుంది. అప్పుడు పొట్టి విజిల్ వినిపించింది.