ఒకే బటనున్న కుశలప్రశ్న

జుమానా దెంబెలే తయారుచేసిన యాప్ ఏదైనా సరే, ముందు కుశలం అడుగుతుంది. తర్వాతే పని. సికాసో ఊరి చివర మామిడిపళ్ళు ఎగుమతి చేసే ఆ షెడ్డులో లారీ తూకం వెయ్యాలన్నా, అట్టపెట్టెలు కావాలన్నా, చలిగది తలుపు తెరవాలన్నా ఫోను చేతిలోకి తీసుకోవాల్సిందే. తీసుకోగానే అందులోంచి జుమానా గొంతు, ఏడాది పొడుగునా జలుబు చేసినట్టుండే ఆ బొంగురు గొంతు, తాపీగా మొదలుపెడుతుంది. రాత్రి శాంతిగా గడిచిందా? ఇంట్లోవాళ్ళు శాంతిగా ఉన్నారా? పిల్లలు? ప్రతి ప్రశ్న కిందా ఒకే ఒక్క బటను. దాని మీద 'శాంతే' అని ఉంటుంది. ప్రశ్న పూర్తికాకముందే నొక్కితే మళ్ళీ మొదటికి వస్తుంది. అన్నీ మర్యాదగా నొక్కాక, ఇంటిపేరు చూసుకుని, వరస కుదిరితే, "సరే, అలసందలు తినేదానా, ఇక పని చూసుకో" అని వదిలిపెడుతుంది.

దెంబెలేలకూ కోనేలకూ ముత్తాతల నాటి నుంచి వేళాకోళం వరస. అలసందలు తినేవాళ్ళని వెక్కిరించడం దగ్గర్నుంచి ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడే తప్పు చేసినట్టు. కాబట్టి షెడ్డు లెక్కలు చూసే అస్సితాన్ కోనేకి అలసందల మాట రెండుసార్లు పడేది. ముందు ఫోను అనేది. తర్వాత స్టోరు గదిలోంచి స్టోర్‌కీపరు జుమానా స్వయంగా వచ్చి అనేవాడు.

"ఇప్పుడే నీ ఫోను అనేసింది కదన్నా."

"అది ఫోను. నేను నేను."

ఈ మాట న్యాయమూర్తి తీర్పు చదివినట్టు చెప్పేవాడు. అతను నవ్వగా చూసినవాళ్ళు ఆ షెడ్డులో లేరు.

ఈ విద్య అతనికి తల నెరిశాక అబ్బింది. అంతకుముందు కంపెనీ బమాకో నుంచి ఇంజినీర్లను రప్పించి సాఫ్ట్‌వేర్ రాయించుకుంది. వాళ్ళు అడిగిందే అడిగి, రాసిందే రాసి, తెచ్చి ఇచ్చేసరికి చెట్ల మీద కాయ లేదు. ఆ తర్వాత లో-కోడ్ అనేది వచ్చింది. కోడు రాయక్కర్లేదు, తెర మీద గడులు పెట్టుకుని, ఒకదాన్నుంచి ఒకదానికి గీతలు లాగి కలుపుకుంటే యాప్ తయారు. ఊళ్ళో అది దగ్గులా పాకింది. పత్తి కొనేవాళ్ళు ఒకటి చేసుకున్నారు, ఎరువుల కొట్టువాళ్ళు ఒకటి చేసుకున్నారు, హోటల్లో దుప్పట్లు ఉతికించే ఆవిడ ఒకటి చేసుకుని దాన్ని చూపించడానికి కొత్త గౌను కుట్టించుకుంది. లోకంలో విద్యలన్నీ ఇలాగే కిందికి దిగాయి. రాత ఒకప్పుడు పూజారుల సొత్తు, గడియారం రాజుగారి బురుజు మీది వింత. అవి చేతికందిన మామూలు మనిషి మొట్టమొదట చేసేది తన ఇంటి అలవాటును వాటిలోకి ఎక్కించడమే. జుమానా తన ఇంటి గుమ్మంలోని పలకరింపును ఎక్కించాడు.

కాదియోలో ఊరి నుంచి కాయ తెచ్చే డ్రైవరు ఒకడు ఓసారి తొందరలో బటన్లన్నీ టకటకా నొక్కేశాడు. ఫోను మొదటికొచ్చింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి స్టోరు గదికి వచ్చి మొరపెట్టుకున్నాడు. అత్తగారింటికి వెళ్ళినా ఇలాగే దూసుకుపోతావా అని జుమానా అడిగాడు.

"మా అత్తగారు తూకం యంత్రానికి తాళం వేసి అడగదు పెద్దాయనా."

"అందుకే నువ్వు బాగుపడలేదు," అన్నాడు జుమానా.

ఇంట్లో అతని భార్య ఫిర్యాదు వేరే. ఊరందరినీ ఫోనులో పలకరించి వచ్చి, ఇంట్లో మాత్రం అన్నం తిని గోడవైపు తిరిగి పడుకుంటాడని ఆవిడ బావి దగ్గర చెప్పుకునేది.

ఒకే జవాబున్న ప్రశ్న దేనికని అస్సితాన్ ఒకసారి అడిగింది. 'శాంతి లేదు' అని ఇంకో బటను పెట్టరాదా అంది. జుమానా ఆమెను జాలిగా చూశాడు. అలాంటిది ఎవరు నొక్కుతారన్నాడు. ఇల్లు కాలిపోతున్నా ముందు శాంతే అనాలి, కాలిపోతున్న సంగతి తర్వాత చెప్పాలి, అంతేగదా మర్యాద అన్నాడు.

అతనికి ఇంకో పిచ్చి కూడా ఉండేది. ఉన్నట్టుండి మనుషుల్ని కదిపేవాడు. పళ్ళు ఏరే ఫాంతాను ఒక పొద్దున చలిగదిలోంచి లేపి, వెచ్చగా లేబుళ్ళు అతికించే చోట కూర్చోబెట్టాడు. నీ పాట భరించలేకపోతున్నానన్నాడు. ఆ రోజు ఫాంతా పాడనే లేదు. అస్సితాన్‌నైతే ఓసారి లెక్కల మధ్యలో లేపి, దళసరి అట్ట నమూనా చూసి రమ్మని ఆసుపత్రి వీధిలో కొట్టుకు పంపాడు. కొట్టు మూసి ఉంది. ఎదుటి ఆసుపత్రిలో అమ్మ పడుకుని ఉంది కాబట్టి ఆమె సాయంత్రం దాకా మంచం పక్కనే కూర్చుంది. తిరిగొచ్చాక మాత్రం పని చెడగొట్టినందుకు అతన్ని కడిగేసింది. అలసందలు తినేవాళ్ళకు అట్ట సంగతి ఏం తెలుస్తుందని అతను గొణుక్కుంటూ పోయాడు.

అలా ఉండగా అబిజాన్‌లో చదువుకున్న లస్సినే కూలిబాలి కొత్త మేనేజరుగా వచ్చాడు. మంచివాడే, కానీ రేవులో ఓడ ఎవరి కోసమూ ఆగదని తెలిసినవాడు. లారీలు ఎండలో బారులు తీరి ఉండగా ఫోన్లు పిల్లల క్షేమం అడగడం చూసి అతని మొహం నల్లబడింది. అస్సితాన్‌ను పిలిచి, తర్వాతి లోడు ఎత్తేలోపు ఆ పలకరింపు తీసెయ్యమన్నాడు. ఇకమీదట జుమానా యాప్‌ల జోలికి రాకూడదు, ఒప్పుకోకపోతే ఈ కాపుతో అతని ఉద్యోగం సరి. "పళ్ళు కుళ్ళిపోతే ఇందరి జీతాలూ పోతాయమ్మా. పలకరించడానికి మనుషులున్నారు," అన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఆమెకేమీ దొరకలేదు.

సీటు దగ్గరికొచ్చి యాప్ విప్పింది. లో-కోడ్‌లో దాపరికం ఉండదు, గడులూ గీతలూ కళ్ళెదుటే ఉంటాయి. 'శాంతే' బటన్ల నుంచి పనిలోకి పోయే గీత ఒకటి కనబడింది. పక్కనుంచి సన్నగా ఇంకో గీత ఎటో పోతోంది. స్టోరు గదికి వెళ్ళి జుమానాకి చూపించింది.

"అన్నా, ఇదెక్కడికి పోతోంది?"

"నా ఫోనుకి."

"ఏం తీసుకుపోతుంది? అందరూ శాంతే అంటారు కదా."

"అంటారు. కొందరు వెంటనే అంటారు. కొందరి వేలు బటను మీద ఆగుతుంది." అతను మేకులు ఏరుతూనే ఉన్నాడు. "మా అమ్మ గుమ్మంలో కూర్చుని ఆ ఆగడాన్నే వినేది. జవాబు వినేది కాదు. నేను గుమ్మంలో కూర్చుంటే ఇంత షెడ్డులో సగం మంది అటు రారు. ఫోను అందరి చేతికీ పోతుంది. అందులో ఏదీ దాచను, సాయంత్రానికి చెరిగిపోతుంది."

అస్సితాన్ ఆ గీత వెంట వేలు చివరిదాకా పోనిచ్చింది.

"ఆ అట్టల కొట్టు ఆ రోజు మూసి ఉంటుందని నీకు తెలుసా?"

"ఆ కొట్టు ఎత్తేసి చాలాకాలమైంది," అన్నాడు జుమానా.

ఆమె ఫోను పట్టుకుని తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఒక్కసారి ఆయనే నొక్కి చూడాలంది, ఆ తర్వాత తీసేస్తానంది. తూకం యంత్రం పక్కన, లారీల హారన్ల మధ్య, కూలిబాలి విసుగ్గా ఫోను అందుకున్నాడు. రాత్రి శాంతిగా గడిచిందా? శాంతే. ఇంట్లోవాళ్ళు శాంతిగా ఉన్నారా?

వేలు ఆగింది.

హారన్లు మోగుతున్నాయి. అతను ఫోను వైపు కాకుండా దూరంగా రోడ్డు వైపు చూస్తున్నాడు. తర్వాత నొక్కాడు. పిల్లల దగ్గరా నొక్కాడు. "సరే, అలసందలు తినేవాడా," అంది ఫోను, "ఇక పని చూసుకో." కూలిబాలీలను ఆ మాట అనే హక్కు దేశంలో అందరికీ ఉంది. అస్సితాన్ నేల చూపులు చూసింది.

ఇంతలో జుమానా చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సార్, తూకం రాయి ఒకటి కనబడటం లేదు. మీరొచ్చి చూడాలి."

"రాయి వెతకడానికి నేనా పెద్దాయనా?"

"టీ కూడా మరుగుతోంది."

కూలిబాలి ఫోను అస్సితాన్ చేతికిచ్చి అతని వెంట వెళ్ళాడు. మూడో విడత టీ కూడా అయ్యాక బయటికి వచ్చాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో అస్సితాన్ అడగలేదు. ఆ షెడ్డులో తూకమంతా కరెంటు యంత్రం మీదే. రాళ్ళు ఏనాడూ లేవు.

మర్నాడు మేనేజరు అస్సితాన్ సీటు దగ్గరికొచ్చి చిన్న మార్పు చెయ్యమన్నాడు. లారీల బారులో ఉండగానే డ్రైవర్లు కుశలం చెప్పేసుకోవచ్చు, తూకం దగ్గర ఆగక్కర్లేదు. యాప్ జుమానా చేతిలోనే ఉంటుంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ఆ రాయి దొరికిందా?"

"ఇంకా వెతుకుతున్నారు సార్."

"దొరికిందని మాత్రం ఆయన్ని చెప్పనివ్వకు. రేపు కూడా వెతకడానికి వస్తాను," అని వెళ్ళిపోయాడు.