పదకొండు ఆదివారాల మొక్కు

గంగాదేవికి ఆదివారం అంటే ఒళ్లు మండేది. లోకమంతా ఎదురుచూసే సెలవు రోజు మీద ఈమెకు కోపమేమిటని అడక్కండి. సోమందేపల్లె దగ్గర హైవే పక్కనున్న బట్టల ఫ్యాక్టరీలో ఆమె వారానికి ఆరు రోజులు చొక్కా కాలర్లు కుడుతుంది. పదేళ్లుగా కాలర్లే. పూర్తి చొక్కా ఎలా ఉంటుందో చూడాలంటే ఊళ్లో ఎవరో ఒకరు తొడుక్కుని ఎదురుపడాల్సిందే. అయినా అక్కడ కూర్చోడానికి కుర్చీ ఉంది, నెత్తి మీద ఫ్యాను ఉంది, పక్క మిషను దగ్గర స్నేహితురాలు సువార్త ఉంది. ఆదివారం ఇంట్లో ఈ మూడూ ఉండవు. వారం బట్టలు, వారం పిండి, వారానికోసారి వచ్చే కొళాయి నీళ్లు, అన్నీ కూడబలుక్కున్నట్టు ఆమె సెలవు కోసమే కాచుకుని ఉంటాయి.

ఆ ఇల్లు అత్తగారిది. మొగుడు నరసింహులు ఆరేళ్ల క్రితం అదే హైవే మీద లారీ గుద్ది చనిపోయాడు. పిల్లల్లేరు. పుట్టింట్లో అన్న ఉన్నాడు గానీ, దినాలకు వచ్చి వెళ్లిన మనిషి మళ్లీ ఈ గడప తొక్కలేదు. అత్త మారెక్క, మరిది జయరాముడు, అతని పెళ్లాం నాగవేణి, వీళ్లే ఆమెకు దిక్కు. వీళ్లు చెడ్డవాళ్లు కారు. వచ్చిన చిక్కే అది. చెడ్డవాళ్లయితే నాలుగు తిట్టి బయటపడొచ్చు. వేళకు అన్నం పెట్టి, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి, గుమ్మం దాటితే మాత్రం యాడికి పోతాండావని అడిగేవాళ్లను ఏమని తిట్టాలి? మొగుడు పోయిన ఆడది ఫ్యాక్టరీ బస్సెక్కితే ఊరు ఒప్పుకుంటుంది, ఇంట్లోకి నాలుగు గింజలొస్తాయి కాబట్టి. ఊరికే కాసేపు నడిచొస్తానంటే ఒప్పుకోదు. మా ఊళ్లలో ఊరికే తిరిగే హక్కు మగవాళ్లకూ గొర్రెలకూ మాత్రమే ఉంది.

ఊరి వెనకే తిమ్మప్ప గుట్ట. పైన చిన్న రాతిగుడి, దాని చుట్టూ ఏ పాళెగాడో కట్టించిన కోటగోడ. దారి తెగిపోయి, కంపలు మూసేసి, పూజారి కూడా శ్రావణమాసంలో తప్ప ఎక్కడం మానేశాడు. ఇలాంటి దారుల కోసమే పెనుకొండ హైస్కూల్లో సైన్సు చెప్పే చంద్రమోహన్ సారు ఒక గుంపును కూడగట్టాడు. ఇద్దరు బ్యాంకు గుమాస్తాలు, కొందరు కాలేజీ పిల్లలు, మెడికల్ షాపు పెద్దన్న, ఇంకా పది మంది. ఆదివారం తెల్లారేసరికి ఏదో ఒక గుట్ట కింద కలుస్తారు. అందరూ కలిసి ఎక్కుతూ, అడ్డమొచ్చిన కంప కొట్టి, జారిపోయిన మెట్లు సర్ది, బండల మీద సున్నంతో బాణం గుర్తులు వేసి, ఎండ ముదిరేలోగా దిగిపోతారు. జీతం బత్తెం లేని పని. సువార్త అందులో చేరింది. సగం గుట్ట దాకా వచ్చి, చర్చికి వేళయిందని దిగిపోతుంది. ఆ సగం గుట్టకే ఆమె వారమంతా హుషారుగా ఉండేది. ఈసారి మీ ఊరి గుట్టకే వస్తున్నాం, రెండు మూడు నెలల పని ఉంది, నువ్వూ రా అని గంగాదేవిని పిలిచింది.

నాలుగు రోజులు గంగాదేవి కాలర్లు వంకరగా కుట్టింది. సూపర్‌వైజరు చేత చీవాట్లు తింది. శుక్రవారం సాయంత్రం పొయ్యి దగ్గర సంగటి కెలుకుతూ, వీపు అత్తవైపు పెట్టి, తాను గుట్ట తిమ్మప్పకు మొక్కుకున్నానని చెప్పేసింది. పదకొండు ఆదివారాలు గుట్టెక్కి స్వామి దారి బాగుచేస్తానని మొక్కు. నడుస్తానంటే నవ్వుతారు, మొక్కు అంటే నోరెత్తరు. అక్కడిదాకా బాగానే అల్లుకుంది. దేనికోసం మొక్కావని మరిది అడుగుతాడని మాత్రం అనుకోలేదు. అడిగాడు. ఎదురుగా నాగవేణి కంచాలు పెడుతోంది. పెళ్లై ఏడేళ్లు, ఆమెకు చూపించని ఆసుపత్రి లేదు.

"నాగవేణి కడుపు పండల్లని," అంది గంగాదేవి.

నాగవేణి కంచాలు వదిలేసి వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. గంగాదేవికి సిగ్గేసింది. ఆ నిమిషమే నిజం చెప్పేద్దామనుకుంది. చెబితే గుట్ట పోతుంది. నోరు మూసుకుంది. మారెక్క పెద్దకోడలి మొహంలోకి కాసేపు చూసి, ఆ పదకొండు వారాలూ బట్టలు నాగవేణి ఉతుకుతుందిలే అని తీర్పు చెప్పింది.

మొదటి ఆదివారం అందరికంటే వెనక నడిచింది. రెండో మలుపు దగ్గర కాలేజీ పిల్లలు మెట్టు కోసమని ఒక రాయిని మట్టి మీద పెట్టి, చుట్టూ మళ్లీ మట్టి పోస్తున్నారు. కాలు పెడితే ఊగుతోంది. గంగాదేవి చూసి చూసి ఉండబట్టలేకపోయింది. ఆమె నాయన యాడికి మండలంలో మెట్టచేలకు రాతికట్టలు పేర్చిన మనిషి. పెళ్లయ్యేదాకా ఆయనకు చిప్పరాళ్లు అందించింది ఆమే. రాయికి కడుపుంటుందని, ఆ కడుపుకు సరిపడా గుంత తీసి పండబెట్టాలని, సందుల్లో చిప్పరాళ్లు బిగించాలని చెప్పి, వాళ్లు తెల్లబోయి చూస్తుంటే గడ్డపార లాక్కుని తానే పెట్టి చూపించింది. ఎక్కి గెంతింది. రాయి కదల్లేదు. చంద్రమోహన్ సారు కూడా ఎక్కి గెంతాడు. ఆ పూట నుంచి రాళ్ల పనికి ఆమే మేస్త్రీ, బ్యాంకు గుమాస్తాలు ఆమెకు రాళ్లు మోసే కూలీలు.

దారికి ఏటవాలుగా రాళ్ల వరసలు పాతించింది కూడా ఆమే. వాననీళ్లను అవి పక్కకు తోస్తాయి. లేకపోతే మరుసటి ఏటికి దారే వాగూవంకా అయిపోతుంది. వానే పడని సీమలో వాననీళ్లకు ఇంత మర్యాదా అని పెద్దన్న నవ్వాడు. ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టమే కొంప ముంచేదని ఆమె అంటే, అందరికంటే గట్టిగా నవ్విందీ అతనే. గంగాదేవి తన మాటకు పదిమంది నవ్వడం విని ఎన్నేళ్లైందో లెక్కపెట్టుకుంది. అందలేదు.

పైకెక్కాక కోటగోడ మీద కూర్చుంది. కింద ఇల్లు కనబడుతోంది, దూరంగా ఫ్యాక్టరీ రేకులు కనబడుతున్నాయి. రెంటినీ ఒక్క అరచేత్తో కప్పేయొచ్చు. ఇంత జాగాలోనే తిప్పుకున్నారా నన్ను ఇన్నేళ్లూ అని కోపమొచ్చింది. గాలి తగిలి ఆ కోపం చల్లారింది, మళ్లీ వచ్చింది. ఆ గుంపులో ఎవరూ ఆమెను ఎవరి కోడలివని అడగలేదు. గడ్డపార ఎక్కడ పెట్టావని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆరు రోజులు కాలర్లు కుట్టొచ్చనుకుంది. మొక్కు సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. అబద్ధం లేని చోటు ఒక్కటైనా ఉండనీ అనుకుంది. సువార్తకు మాత్రం చెప్పింది. సువార్త పడీపడీ నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపేసి, దేవునితో పరాచకాలు వద్దక్కా అంది.

అన్నట్టే అయింది. మొక్కు మాట ఊళ్లో పాకింది. నాలుగో వారానికల్లా శనివారం సాయంత్రం ఇంటి ముందు నలుగురు ఆడవాళ్లు. బోరులో నీళ్లు పడాలని ఒకామె కర్పూరం ఇచ్చింది. అల్లుడు తాగుడు మానాలని ఇంకొకామె ఊదుబత్తులిచ్చింది. ఎదురొస్తే తప్పుకుని నడిచే ముత్తైదువలు కూడా ఇప్పుడు ఆగి పలకరించారు. గంగాదేవి సంచిలో అడుగున కొడవలి, పైన ఊరందరి కోరికలు. గుడి ముందు అన్నింటినీ ఒక్కచోట వెలిగించి, ఎవరిది ఏదో నువ్వే చూసుకో సామీ అని దండం పెట్టి, రాళ్ల దగ్గరికి పరుగెత్తేది.

ఎనిమిదో ఆదివారం దిగి వచ్చేసరికి ఇంట్లో బెల్లం పాకం వాసన. నాగవేణి మంచం మీద కూర్చుని ఉంది, పక్కన ఊరి నర్సమ్మ. జయరాముడు వదిన కాళ్లకు దండం పెట్టబోయాడు. ఆసుపత్రి మాత్రలు పనిచేశాయో, తిమ్మప్ప నిజంగానే విన్నాడో, నాగవేణికి నెల తప్పింది. గంగాదేవి ఆమెను కావలించుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో బూటకం ఏమీ లేదు, నిజంగానే సంతోషపడింది. ఆ సంతోషంలోనే మిగిలిన ఆదివారాలు మూడే అని కూడా తెలుస్తూ ఉంది.

ఆ మూడు వారాలూ బుర్ర బద్దలు కొట్టుకుంది. ఇరవైయొకటి అని ఎందుకనలేదు? నోట్లోంచి నూట ఎనిమిది అని రాకూడదా? ఇప్పుడు పెంచడానికి లేదు, పదకొండని మారెక్క ఊరంతా చెప్పింది. నిజం చెప్పేద్దామంటే అసలే కుదరదు. దేవుని పేరు చెప్పి ఆడిన అబద్ధంతో పుట్టబోయే బిడ్డ అని తెలిస్తే ఆ నాగవేణి తొమ్మిది నెలలూ ఎలా మోస్తుంది? ఏ మాట ఆమెను బయటికి తీసుకుపోయిందో, అదే మాట ఇప్పుడు బయటి నుంచి గొళ్లెం పెట్టింది. పెట్టుకున్నది తానే. ఎవరినని ఏం లాభం?

పదకొండో ఆదివారం మొక్కు తీర్చడానికి ఇంటిల్లిపాదీ బయల్దేరింది. కడుపుతో ఉన్నవాళ్లు గుట్టెక్కకూడదని నాగవేణిని ఇంట్లో ఉంచారు. అరవై ఎనిమిదేళ్ల మారెక్క కొడుకు చెయ్యి పట్టుకుని మెట్టుమెట్టుకూ ఆగి ఎక్కింది. బతిమాలి తెచ్చుకున్న పూజారి ముందు నడిచాడు. చంద్రమోహన్ సారు గుంపు అప్పటికే పైన కోటవాకిలి దగ్గర చివరి కంప కొడుతోంది. పూజ అయ్యాక జయరాముడు పూజారితో గుడిలోనే ఉండిపోయాడు. అత్తాకోడళ్లు బయట బండ మీద కూర్చున్నారు.

మారెక్క చాలాసేపు కిందికి చూసింది. యాభై ఏళ్లుగా ఇంటి ముందు నుంచి పైకి చూసిన గుట్ట అది, ఎక్కడం ఇదే మొదలని చెప్పింది. ఎందుకు రాలేదత్తా అంటే, ఎవరు రమ్మన్యారని అడిగింది. తర్వాత గొంతు తగ్గించింది.

"తిమ్మప్పకు శనివారం కదమ్మే. ఆదివారం మొక్కుకునేటోళ్లను నా బతుకులో చూళ్లేదు."

ఫ్యాక్టరీ సెలవు ఆదివారం కాబట్టి గంగాదేవి ఆదివారమంది. దేవుడి వారం ఏదో తట్టనేలేదు.

"తెలిసి గూడా ఎందుకు పోనిచ్చినావత్తా?"

"పదకొండు వారాలే కదా, నువ్వన్నా తిరిగిరాపో అనుకున్యా." మారెక్క ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు వేరే మాట. దాని కడుపులో బిడ్డుండాది. ఈ మొక్కు అబద్ధమని బయటపడితే, రేపు ఆ బిడ్డకు తుమ్మొచ్చినా నీ మీదికే వస్తాది. నేను పోయినాక నిన్ను ఆ ఇంట్లో ఉండనియ్యరు. ఈడికి చాలించు తల్లీ."

ఆ మాటలో తప్పు లేదని గంగాదేవికీ తెలుసు. అత్త తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. కొట్టినా బాగుండేది. ఇంత ప్రేమగా తలుపు మూస్తే ఎక్కడ తన్నాలో మనిషికి తెలియదు.

అప్పుడే చంద్రమోహన్ సారు చెమట తుడుచుకుంటూ వచ్చాడు. వెనకే మిగతావాళ్లు. ఈ గుట్ట పని అయిపోయిందని, వచ్చే ఆదివారం నుంచి కుందుర్పి కోట మెట్లని, వ్యాను మాట్లాడామని చెప్పాడు. అక్కడి మెట్లు ఆమె లేకుండా నిలబడవని పెద్దన్న అందుకున్నాడు. నాలుగున్నరకు ఊరి దగ్గరికే వచ్చి ఎక్కించుకుంటామన్నారు. గంగాదేవి అత్తవైపు చూడలేదు.

"రాలేను సార్. నా మొక్కు తీరిపాయ."

సారుకు అర్థం కాలేదు. మొక్కేమిటని అడిగాడు. జవాబు గుడిలోంచి కొబ్బరిచిప్పలు పట్టుకుని వస్తున్న జయరాముడు చెప్పాడు. పొంగిపోతూ చెప్పాడు. తమ వదిన తనకోసం ఏమీ అడుక్కోలేదని, మరిది పెళ్లాం కడుపు పండాలని పదకొండు వారాలు రాళ్లు మోసిందని, స్వామి విన్నాడని. కాలేజీ పిల్లల్లో ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ కొట్టారు.

చంద్రమోహన్ సారు రెండు చేతులూ జోడించాడు. "మేమేమో నీకు గుట్టలెక్కడం, ఈ రాళ్ల పని అంటే పానమనుకున్యాం గంగాదేవమ్మా."

జయరాముడు నవ్వుతూ వదినను చూస్తున్నాడు. మారెక్క తల వంచుకుని ఉంది. అందరూ గంగాదేవి మాట కోసమే ఆగారు.

"అట్లాంటిదేం లేదు సార్," అంది గంగాదేవి. "మొక్కు కోసరమే వచ్చినాను."

వాళ్లు ఇంకోసారి చప్పట్లు కొట్టారు.