ఉరుకుందప్ప అయ్యవారి నత్త

ఉరుకుందప్ప అయ్యవారికి ఒకటే జబ్బు: ఏ ప్రాణి ఎదురైనా దాని శాస్త్రీయనామం, దాని అర్థం చెప్పనిదే అడుగు ముందుకు పడదు. కమలాపురం హైస్కూలు పిల్లలను గంట కాపాడేది. ఆయన భార్య వెంకటేశ్వరమ్మకు ఆ గంట కూడా లేదు.

పెండ్లయిన పద్దెనిమిదేళ్ళుగా మునక్కాయ పులుసు వడ్డించినప్పుడల్లా ఒకటే పాఠం.

“మోరింగా ఓలిఫెరా. అంటే నూనె ఇచ్చేదని అర్థం.”

“నూనె సంగతి సరే, ఉప్పు సరిపోయిందా లేదా చెప్పు.”

అది మాత్రం ఆయన ఏనాడూ చెప్పలేదు.

ఒకసారి రోలు వెనక నాగుపాము దూరింది. ఆయన కట్టె అయితే తెచ్చాడు గానీ కొట్టలేదు. “నాజా నాజా. మన నాగు అనే మాటే అట్లయింది.”

“రెండుసార్లు ఎందుకంట?” అంది ఆమె గడప మీద నుంచి, అంత భయంలోనూ ఉండబట్టలేక. ఆయన వివరించసాగాడు. పాము కాసేపు విని గోడ దాటి పోయింది.

పందొమ్మిది వందల యాభై నాలుగులో నాపరాళ్ళ గోడకు చింతగింజంత నత్త కనిపించింది, ఎండకు మూతి బిగించుకొని. ఎన్ని పుస్తకాలు తిరగేసినా దాని పేరు దొరకలేదు. ఇంట్లో అగ్గిపెట్టెలోని పుల్లలన్నీ నేల మీద కుమ్మరించి, ఆ పెట్టెలో నత్తను పెట్టి కలకత్తా పండితులకు పంపాడు. ఎనిమిది నెలలకు జాబు వచ్చింది: ఇది లోకానికి కొత్త నత్త, ఇంటిపేరులాంటి జాతి పేరు తెలిసింది, సొంత పేరు పెట్టాలి, మీ పేరే పెడతాం.

హెడ్మాస్టరు అయ్యవారి సన్మానానికి పూలదండ పురమాయించాడు. పక్కింటి దౌలత్ బీ గోడ మీదుగా అడిగింది: “నత్తకు ఏం పేరు పెడతాండారక్కా?”

వెంకటేశ్వరమ్మ మొగుడి పేరు పలికి ఎరగదు. జనాభా లెక్కలాయన అడిగినప్పుడు కూడా ఇదే దౌలత్ బీని పిలిచి చెప్పించింది. “అదే... మా ఇంటాయనది,” అని లోపలికి పోయింది. ఊళ్ళో గొడ్లకాపరి కూడా పలికే పేరు తాను పలకడానికి లేదు. పద్దెనిమిదేళ్ళ చదువు గంగపాలయినట్టు ఆమెకు ఏడుపొచ్చింది. అరుగు మీద అయ్యవారు పేపరు చదువుతూనే ఉన్నాడు.

వారానికి హెడ్మాస్టరు మండిపడుతూ వచ్చాడు. “నీ పేరు వద్దని రాసినావంటనే. ఊరి పేరు పెట్టమన్నావంట. దండకు బయానా ఇచ్చినానప్పా.”

“నా పేరు పెడితే మా ఇంట్లో ఆ నత్తకు పేరే ఉండదు సార్. ఇన్నేండ్లు నా పాఠం వినిన మనిషి. ఈ ఒక్క పేరన్నా నోరారా చెప్పుకోనీ.”

తలుపు వెనక వెంకటేశ్వరమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నంలోపే దౌలత్ బీకి ఆ పాఠం మూడుసార్లు అయింది. “కమలాపురెన్సిస్. అంటే కమలాపురందని అర్థం.”

“శానా బాగుండాది. ముందు నీ పులుసు చూసుకోపో, మాడుతాండాది.”

పులుసు వడ్డిస్తూ మొగుడికీ చెప్పింది. ఆయన కొత్తగా వింటున్నట్టు తలూపి, రెండు ముద్దలు తిని, “ఉప్పు సరిగ్గా సరిపోయింది,” అన్నాడు.

తర్వాత ఆమె తినబోతే తెలిసింది, అందులో ఉప్పే వేయలేదని.