బ్రిజితమ్మ కల్లు

గురజాల మిషన్ బడి టీచరమ్మ దయామణి ఇంట్లో రెండో కుర్చీ మీద ఎప్పుడూ పుస్తకాలే కూచుంటాయి. ఏళ్ళ తరబడి వాటిని తిరగేస్తూ, సిరా వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ, తొలినాటి ఐర్లండు పునీతురాలు బ్రిజితమ్మ మీద నవల రాసింది. బ్రిజితమ్మ ఇంటికి వచ్చేపోయే జనం. వాళ్ళకోసం ఆవిడ స్నానాల నీళ్ళని బీరుగా మార్చిందని కథ. దయామణి దాన్ని కల్లు అంది. అచ్చు వేయించాల్సిన ఫాదరుగారు కళ్ళజోడు తీసేశారు.

“ఏందమ్మా ఇది? పునీతురాలు కల్లు పోయడమేంది?”

“పాత పుస్తకాల్లో అట్టాగే ఉంది ఫాదర్.”

“ఈ యుద్ధంలో కాగితం దొరికిందే గొప్ప. మజ్జిగ అని మార్చు, అచ్చుకిస్తా.”

ఇంటికొచ్చి మార్చింది. చదువుకుంది. మజ్జిగ తాగిన అతిథులు మూతి తుడుచుకుని, దండం పెట్టి, పొద్దుండగానే వెళ్ళిపోయారు. పాట లేదు, పోట్లాట లేదు. ఖాళీ ముంతలు కడుక్కుంటూ బ్రిజితమ్మ ఒక్కతే మిగిలింది. దయామణి మజ్జిగ కొట్టేసి మళ్ళీ కల్లు రాసింది. అచ్చు పోతే పోయింది, ఆ ఇంట్లోనన్నా నలుగురూ ఉండాలిగా.